ఉయ్యాల తర్వాత తెచ్చుకోవచ్చు

మా చంద్రగిరిలో చాలా ఇళ్లలో కాన్పు కాకముందు ఉయ్యాల తేరు. కొత్త గుడ్డలు కొనరు. గిలక్కాయ కూడా కొనరు. నా కూతురు ఏడో నెలలో పుట్టింటికి వస్తా ఉందని నేను దోమతెర ఒకటి తెచ్చి అటక మీద పెడితే, ఎదురింటి అవ్వ పసిగట్టేసింది. "ఏం మే, బిడ్డ బయట పడకముందే అంత తొందరేముండాది?" అని వాకిట్లోనే నిలదీసింది. ఏఎన్ఎంగా ఉద్యోగమంతా పల్లెల్లో బాలింతల మధ్యే గడిపినదాన్ని, అవ్వతో వాదించలేదు. ఈ ఆచారంలో నాకు నచ్చేది ఒకటుంది. ఏమీ కొనకూడదంటే ఇక చేతికి మిగిలే పని ఇల్లు దులపడం, అక్కర్లేనివి బయట పారేయడం. పసిబిడ్డ వచ్చే ఇంట్లోకి రావాల్సినవాటికంటే ఆ ఇంట్లోంచి పోవాల్సినవే ఎక్కువ.

ముందుగా పోవాల్సింది పొగ. పురిటి గదిలో కిటికీలు బిగించి, మంచం పక్కన కుంపటి పెట్టడం మా అమ్మ కాలంలో ఇంటింటా ఉండేది. ఇప్పటికీ చలికాలంలో అక్కడక్కడా పెడతారు. మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, కంటికి కనపడదు. నిద్రలోనే తల్లినీ బిడ్డనూ తీసుకుపోతుంది. ఇక సాంబ్రాణి. లాలపోసిన బిడ్డను ధూపం మీద పట్టకపోతే స్నానమే పూర్తి కాదనే పెద్దవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. పసిగుడ్డు ఊపిరితిత్తులకు ఏ పొగైనా పొగే. బాలింత తల ఆరబెట్టుకోవాలంటే సాంబ్రాణి పెరట్లో వేసుకోండి, బిడ్డను లోపలే ఉంచండి. దోమల కాయిల్ బదులు దోమతెర కట్టండి. తాత బీడీ వీధి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఈ మాట తాతకు కాన్పుకు ముందే చెప్పి ఒప్పించాలి. తర్వాత చెబితే అలుగుతాడు.

గది ఎంపిక ఆ తర్వాతి సంగతి. తల్లీ బిడ్డా ఒకే గదిలో ఉండాలి. ఆ గదికి వెలుతురు కావాలి, గాలి నేరుగా బిడ్డ మీదికి కొట్టకూడదు. అప్పుడే పుట్టిన బిడ్డకు 25 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం సరిపోతుంది. మే నెలలో మా దగ్గర ఫ్యాన్ కట్టేసి బిడ్డకు ఉన్ని టోపీ తొడిగే ఇళ్లున్నాయి. అది హింస. కొండల పక్కనున్న ఊరు కాబట్టి మార్గశిరంలో తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది, అప్పుడు టోపీ, మేజోళ్లు కావాలి. థర్మామీటర్ లేకపోయినా బిడ్డకు చలేస్తోందో లేదో చేత్తోనే తెలుసుకోవచ్చు. చేతి వెనక భాగాన్ని ముందు బిడ్డ పొట్టకు, తర్వాత అరికాలికి ఆనించండి. రెండూ వెచ్చగా ఉంటే బాగుంది. పొట్ట వెచ్చగా ఉండి అరికాలు చల్లగా తగిలితే బిడ్డ చలికి ఓర్చుకుంటోందని అర్థం, వెంటనే రొమ్ముకు హత్తుకోవాలి. రెండూ చల్లబడితే హత్తుకునే ఆసుపత్రికి బయల్దేరాలి.

హత్తుకోవడం ఊరికే ముద్దు కోసం కాదు. కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక, నెలలు నిండని పిల్లల్ని తల్లి గుండెల మీదే, ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టి ఉంచారు. దాన్నే ఇప్పుడు కంగారూ సంరక్షణ అంటున్నారు. రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డకు ఇది మందులాంటిది. ముందు గుండీలున్న వదులు నైటీలు నాలుగు సిద్ధంగా ఉంటే చాలు. తండ్రి కూడా చేయొచ్చు. మా అల్లుడికి ముందే చెప్పి ఉంచాను, సిగ్గుపడ్డాడు గానీ కాదనలేదు.

ఇప్పుడు గుడ్డల సంగతి. కొత్తవి కొనకూడదనే ఆచారం ఇక్కడ మనకు మేలే చేస్తుంది. నాలుగేళ్లు కట్టి నలిగిన నూలు చీరకంటే మెత్తని పొత్తిళ్లు ఏ దుకాణంలోనూ దొరకవు. అయితే ఆ చీరలు ఎక్కడుంటాయి? ట్రంకు పెట్టెలో, కలరా ఉండల మధ్య. ఆ తెల్లటి ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జి6పిడి అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది, పైకి ఏమీ తెలియదు. అలాంటి బిడ్డకు ఆ వాసన పట్టిన గుడ్డ చుడితే రక్తంలోని ఎర్రకణాలు పగిలిపోయి కామెర్లు ముదురుతాయి. ఆ కామెర్లు మెదడుకెక్కితే జన్మంతా అవిటితనమే. అందుకే మా ఇంట్లో ముందు కలరా ఉండలు పోయాయి, ఆ తర్వాతే చీరలు బయటికొచ్చాయి. పెట్టెలు ఖాళీ చేసి మిద్దె మీద ఎండబెట్టాను. చీరల్ని వేడినీళ్లలో ఉతికి, జాడించి, ఎండకు వేసి, మళ్లీ ఉతికాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే సబ్బు వాసన తప్ప ఇంకేదీ రాకూడదు. అంతవరకూ వదల్లేదు.

చీర ఉయ్యాల మీద నాకూ మమకారమే, అందులోనే పెరిగాం. కానీ మెత్తటి ఉయ్యాలలో పసిబిడ్డ మెడ ముందుకు వంగి గడ్డం రొమ్ముకు ఆనుతుంది, ఊపిరి అడ్డుపడుతుంది. మొదటి నెలల్లో గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టడమే మంచిది. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు అక్కర్లేదు.

నోట్లోకి పోయేవాటి గురించి ఖచ్చితంగా ఉండాలి. పుట్టిన గంటలోపు తల్లిపాలు, ఆపైన ఆరు నెలలూ తల్లిపాలే. నీళ్లు కూడా వద్దు. తేనె నాకిస్తే బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, ఏడాది నిండేదాకా తేనె జోలికి పోకూడదు. మాటలు తొందరగా వస్తాయని వసకొమ్ము అరగదీసి నాకిస్తారు. దాంతో వాంతులై వాలిపోయిన పిల్లల్ని నేను చూశాను. ఉబ్బసం రాదంటూ అమ్మే గాడిద పాలూ అంతే. అమ్మ దాచిన ఉగ్గుగిన్నె వెండిది, బంగారంలా చూసుకుంటాను, కానీ అల్మారాలోనే. బొడ్డుకు పసుపు, బూడిద, పౌడరు, ఆముదం ఏవీ రాయకూడదు, ఆరి దానంతటదే ఊడిపోతుంది. మొదటి స్నానం కనీసం ఒక రోజు ఆగాలి. కంటికి కాటిక వద్దు. దిష్టిచుక్క పెట్టకపోతే ప్రాణం ఒప్పదంటారా, అరికాలికి పెట్టండి. దిష్టికి చోటు పట్టింపు ఉన్నట్టు నేనెక్కడా వినలేదు.

బాలింతకు నీళ్లు తగ్గించి, కూరలు మాన్పించి పెట్టే పత్యం కూడా ఇంట్లోంచి పోవాలి. తెల్లగడ్డ కారం మానక్కర్లేదు. దానితోపాటు సంగటి, పప్పు, మునగాకు, గుడ్డు, దాహం తీరా నీళ్లు ఉండాలి.

సంచి ఒకటి తలుపు పక్కనే ఉండాలి. మాతా శిశు సంరక్షణ కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, నాలుగు పొత్తిళ్లు. నొప్పులొస్తే 108కి ఫోన్ చేయాలి. తిరుపతిలో రుయా ఆసుపత్రి పక్కనే ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది, మాకు అరగంట దారి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి ఉచితంగా ఇంటికి చేరుస్తుంది. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా ఆసుపత్రి వదలకముందే వేయించాలి. ఈ చివరిది 24 గంటల్లోపు పడాలి. జననం 21 రోజుల్లోపు నమోదు చేయించండి. అర్హులైనవాళ్లకు మొదటి కాన్పుకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద 5,000 రూపాయలొస్తాయి, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000.

ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి బిడ్డను చూడాలి. రాకపోతే మీరే ఫోన్ చేసి పిలవండి, అది ఆమె పనే. ఈలోగా బిడ్డ పాలు తాగడం మానినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, అరిచేతులు అరికాళ్లు పచ్చబడినా ఎవరి సలహా కోసమూ ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పచ్చబడిన బిడ్డను పొద్దుటెండలో పెడితే సరిపోదు.

పదకొండు రోజుల పురుడును మాత్రం నేను వెనకేసుకొస్తాను. బాలింతను మూలగదిలో వేసి అంటరానిదానిలా చూడటం దుర్మార్గమే. కానీ బయటివాళ్లు ఆ పదకొండు రోజులూ బిడ్డ దగ్గరికి రాకూడదన్న కట్టడి ఏ డాక్టరైనా మెచ్చేదే. ఇప్పుడు ఆ పట్టింపు పోయింది, ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రానికే ఇల్లు నిండిపోతుంది. కాబట్టి చూడటానికి వచ్చే బంధువులకు ఒక మనవి. దగ్గూ జలుబూ ఉంటే నెలాగి రండి. వస్తే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. బిడ్డ మూతిని ముద్దాడకండి. పౌడరు డబ్బాలు, పాల డబ్బాలు తేకండి. ఏదో ఒకటి తేవాలనిపిస్తే బాలింతకు నాలుగు గుడ్లూ, ఓ కట్ట ఆకుకూరా తెండి.