మీకు తెలుసా? చందమామ మీదికి వెళ్ళిన కుట్టుపని

◆ 1969 జులైలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అడుగుపెట్టినప్పుడు ఒంటిమీదున్న సూటును కుట్టింది విమానాల కంపెనీ కాదు, ఆడవాళ్ళ లోదుస్తులు తయారుచేసే కంపెనీ. ప్లేటెక్స్ పేరుతో బ్రాలు, గర్డిల్స్ అమ్మే ఇంటర్నేషనల్ లేటెక్స్ కార్పొరేషన్ అది. అమెరికాలో డెలావేర్ రాష్ట్రంలోని డోవర్ వాళ్ళ ఊరు. 1965లో నాసా పెట్టిన పోటీలో, ఈ రంగంలో చెయ్యి తిరిగిన కంపెనీలను దాటుకుని వాళ్ళ సూటు నెగ్గింది. సూటులో గాలి నింపగానే మనిషి బిగుసుకుపోతాడు, మోచెయ్యి వంచడం కూడా కష్టమవుతుంది. అదే అప్పటి పెద్ద చిక్కు. ఒంటిని పట్టి ఉంచుతూనే ఒంటితోపాటు వంగే గుడ్డ ఎలా ఉండాలో లోదుస్తులు కుట్టేవాళ్ళకు అంతకుముందే తెలుసు. బ్రాలలో వాడే నైలాన్ ట్రైకాట్ గుడ్డే రబ్బరుతో కలిసి సూటు లోపలికి వెళ్ళింది.

ఒక్కో సూటుకు 21 పొరలు. కుట్టు అంగుళంలో 32వ వంతు పక్కకు జరిగినా ఆ ముక్క పనికిరాదు. మామూలుగా పొరలు జారకుండా గుండుసూదులు గుచ్చుకుని కుడతాం. ఇక్కడ లోపల ఒక్క సూది మిగిలిపోయి చిల్లు పడితే చంద్రుడి మీద మనిషి ప్రాణమే పోతుంది. అందుకే కుట్టిన సూట్లను ఎక్స్‌రే తీసి మరీ చూసేవారు. ఇంజనీర్లు ప్రతి భాగానికీ డ్రాయింగు అడిగారు. కుట్టేవాళ్ళ లెక్క మాత్రం వేళ్ళలో ఉండేది. మిషన్ పాదం కింద గుడ్డ ఎటు సాగుతుందో, ఎక్కడ కాస్త వదులివ్వాలో ఏ డ్రాయింగూ చెప్పదు. చివరికి వీళ్ళు వాళ్ళ కాగితాలు చదవడం నేర్చుకున్నారు, వాళ్ళు వీళ్ళ చేతులను నమ్మడం నేర్చుకున్నారు. రెండు వేర్వేరు పనుల వాళ్ళు కలిసి చేసిన గొప్ప పని ఏదని నన్నడిగితే మొదట ఈ సూటునే చూపిస్తాను.

◆ ఆర్మ్‌స్ట్రాంగ్ వెళ్ళిన అపోలో నౌకను నడిపించిన కంప్యూటర్ ప్రోగ్రామును కూడా చేత్తోనే అల్లారు. మసాచుసెట్స్‌లోని వాల్తామ్‌లో రేథియాన్ కంపెనీ కార్ఖానా ఉండేది. బట్టల మిల్లులోనూ గడియారాల కంపెనీలోనూ పనిచేసి వచ్చిన ఆడవాళ్ళు అక్కడ సన్నటి రాగి తీగను చిన్న చిన్న అయస్కాంతపు చుట్టల మధ్య నుంచి సూదితో లాగేవారు. తీగ చుట్టలోంచి వెళ్తే ఒకటి, పక్కనుంచి వెళ్తే సున్నా. అలా అల్లిన జ్ఞాపకం మొత్తం సుమారు 72 కిలోబైట్లు. ఇవాళ మన ఫోనులో ఒక్క ఫొటో అంతకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఒకసారి అల్లాక దిద్దడం మహా కష్టం కాబట్టి, ప్రోగ్రాం రాసిన ఎంఐటీ వాళ్ళు నెలల ముందే తప్పుల్లేకుండా తేల్చుకోవాల్సి వచ్చేది.

◆ గణితంలో హైపర్బోలిక్ తలం అని ఒకటుంది. ఒక గీత, దాని పక్కన ఒక బిందువు ఉన్నాయనుకోండి. ఆ బిందువు గుండా, ఆ గీతను ఎన్నటికీ తాకని గీతలు అక్కడ ఎన్నైనా గీయవచ్చు. ఈ తలాన్ని చేత్తో పట్టుకుని చూసేదెలా? కాగితంతో చేసిన నమూనాలు ఇట్టే చిరిగిపోయేవి. లాత్వియా నుంచి వచ్చి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న గణితవేత్త డైనా తైమిన్యా 1997లో క్రోషే సూది పట్టుకున్నారు. ఇన్ని కుట్లకు ఒక కుట్టు అదనం అని లెక్క పెట్టుకుని వరస తర్వాత వరస పెంచుతూ పోయారు. అల్లిక అంచు దానంతటదే కుచ్చిళ్ళు కుచ్చిళ్ళుగా ముడుచుకుంది. దాన్ని మడిచి, దాని మీద దారంతో గీతలు కుట్టి విద్యార్థుల చేతికిచ్చారు. 2005లో మార్గరెట్, క్రిస్టీన్ వెర్‌థైమ్ అనే అక్కాచెల్లెళ్ళు ఇదే పద్ధతిలో ఊలుతో పగడపు దిబ్బలు అల్లడం మొదలుపెట్టారు. సముద్రంలో పగడాల అంచులు పెరిగే తీరు కూడా ఇదే మరి. వేడెక్కుతున్న సముద్రంలో పగడాలు చచ్చిపోతున్నాయని చెప్పడానికి ఆ అల్లికలు ఎన్నో దేశాల ప్రదర్శనశాలలకు వెళ్ళాయి.

క్రోషే అనగానే మనకు నరసాపురం గుర్తురావాలి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక పశ్చిమగోదావరిలో వేల ఇళ్ళకు పాకింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఇక్కడి మహిళల మీద 1982లో పుస్తకం వెలువరించారు. ఎగుమతి వ్యాపారమంతా వాళ్ళ చేతుల మీదే నడుస్తున్నా, దాన్ని ఇల్లాళ్ళు తీరిక వేళ చేసుకునే పనిగా లెక్కగట్టి అతి తక్కువ కూలి ఇస్తున్నారని ఆమె చూపించారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మంచిదే. కానీ నాకు ఇంకో ఆశ ఉంది. టేబుల్ క్లాతులూ సోఫా కవర్లే కాకుండా, ఒక లెక్కల టీచరో ఆర్కిటెక్టో వచ్చి ఈ ఆడవాళ్ళ ఇంటి అరుగు మీద వాళ్ళ పక్కన కూర్చుంటే ఏం పుడుతుందో చూడాలని ఉంది. కుట్టు లెక్కలో ఆ ఆడవాళ్ళు ఎవరికీ తీసిపోరు.

◆ జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో చేరిన ఆడపిల్లల్ని ఎక్కువగా నేత విభాగానికే తోసేవారు. అలా మగ్గం ముందు కూర్చున్న ఆన్నీ ఆల్బర్స్ 1930లో పట్టా కోసం ఒక గుడ్డ నేశారు. బెర్నావ్‌లో కడుతున్న ఒక పాఠశాల సభామందిరం గోడలకు అతికించే గుడ్డ అది. అందులో సెల్లోఫేన్ ఉంది. ఒక వైపు వెలుతురును వెదజల్లుతుంది, రెండోవైపు చప్పుడును పీల్చుకుంటుంది. మాట మారుమోగే చిక్కును తీర్చింది నేతే.

◆ జపాన్‌లో గిఫు పట్టణం కాగితపు లాంతర్లకు పేరు. 1951లో శిల్పి ఇసాము నొగూచి అక్కడికి వెళ్ళేసరికి ఆ పరిశ్రమ నీరసించి ఉంది, మళ్ళీ నిలబెట్టే మార్గం చెప్పమని నగర మేయర్ ఆయన్ను అడిగారు. నొగూచి అంతకుముందే మార్తా గ్రాహమ్ నృత్యాలకు రంగాలంకరణ చేసిన మనిషి, వెలుతురు విలువ తెలుసు. చెక్క అచ్చు చుట్టూ వెదురు బద్ద చుట్టడం, మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసిన కాగితం అతికించడం, ఆరాక అచ్చును విప్పి బయటకు తీయడం... పనివాళ్ళ పద్ధతిని ఆయన ఏమీ మార్చలేదు. కొవ్వొత్తి బదులు బల్బు పెట్టారు, ఆకారాలు మార్చారు. అకారి పేరుతో వచ్చిన ఆ దీపాలు వందకు పైగా రకాలు. ఇప్పటికీ గిఫులోనే, చేత్తోనే తయారవుతున్నాయి. పది రోజులు నేతపల్లెలో తిరిగి వెళ్ళి, చీర మీద తన పేరొక్కటే వేసుకునే డిజైనర్లు ఈ కథ తెలుసుకుంటే బాగుంటుంది.

◆ ఇక మన దగ్గరికి వద్దాం. పోచంపల్లి చీర మగ్గం ఎక్కేముందు ఆసు పోయాలి. ఒక పక్క ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉంటాయి. పోగును ఈ మేకు నుంచి ఆ మేకుకు తిప్పుతూ, ఒకదాని పక్కన ఒకటి సర్దుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే లెక్క 18,000కు చేరుతుంది. ఇది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళ పని, భుజాలు పోయేదీ వాళ్ళకే.

ఆలేరు దగ్గర శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేసి మగ్గం ఎక్కినవారు. అమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. కదలికలన్నీ కుదిరినా పోగును మేకుల చుట్టూ తిప్పే ఘట్టం దగ్గర ఏళ్ళ తరబడి ఆగిపోయారు. హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ పనికి వెళ్ళినచోట నడుస్తున్న ఒక యంత్రం కదలిక చూశాక ఆ ముడి వీడింది. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తిరిగింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. తర్వాత దానికి మైక్రోకంట్రోలర్ కూడా తోడైంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన పేరుతోనే సినిమా వచ్చింది. ఇంజనీరు వచ్చేదాకా ఆగకుండా నేతగాడే ఇంజనీరింగు నేర్చుకోవడం నాకు ఇందులో అన్నిటికన్నా విలువైన సంగతి. ఎందుకంటే ఏ పని యంత్రానికి ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో ఆయనకు తెలుసు. ఆ యంత్రం ఆసు మాత్రమే పోస్తుంది. పోగులకు ముడులు కట్టడం, రంగులో ముంచడం, మగ్గం మీద పోగు పోగూ జరిపి డిజైను కలపడం ఇంటిల్లిపాదీ చేతుల్లోనే ఉన్నాయి.