పగిలిన చేపల తొట్టి: పారేయాలా, బాగుచేయాలా?



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఊళ్ళలో చేపల తొట్టి ఇప్పుడు వింత వస్తువు కాదు. ఇళ్ళలో ఉంది, బడుల్లో ఉంది, ఆసుపత్రి వరండాల్లో ఉంది. బడికో ఆసుపత్రికో వచ్చిన తొట్టి చాలాసార్లు ఎవరో ఒక దాత ఇచ్చినదే అయి ఉంటుంది. కొన్నాళ్ళకు అద్దంలో సన్నని గీత కనబడుతుంది, కింద తడి కనబడుతుంది. చేపలను ఎవరింటికో పంపేస్తారు. తొట్టి సామాన్ల గదికి చేరుతుంది. ఇచ్చినవారి డబ్బు, పిల్లల సంతోషం అక్కడితో ఆగిపోతాయి.

దానంగా వచ్చిన వస్తువు మన చేతిలో అమానత్. బాగుచేయగలిగినదాన్ని పారేయడం ఇస్రాఫ్. అయితే బాగుచేయకూడని దాన్ని ఎలాగో అతికించి పిల్లల మధ్య పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు. ఈ రెండింటికీ తేడా ఎలా తెలుసుకోవాలో, బాగుచేయదగినదాన్ని ఇంట్లోనే ఎలా బాగుచేసుకోవాలో బడిపంతుళ్ళుగా మాకు తెలిసినంత ఇక్కడ చెబుతున్నాము.

నీటి బరువు

ఒక లీటరు నీరు ఒక కిలో. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న మామూలు తొట్టిలో సుమారు 56 లీటర్లు పడతాయి. అంటే ఒక మనిషి బరువు. అద్దం, గులకరాళ్ళ బరువు దీనికి అదనం.

ఈ బరువంతా అడుగు పలక మీద పడుతుంది. పక్క అద్దాల మీద నీరు బయటికి తోస్తుంది. ఆ తోపు తొట్టిలో ఎన్ని లీటర్లు ఉన్నాయన్నదాన్ని బట్టి కాక, నీరు ఎంత ఎత్తున ఉందన్నదాన్ని బట్టి, అద్దం ఎంత పొడవుందన్నదాన్ని బట్టి ఉంటుంది. పైన చెప్పిన తొట్టి నిండా నీరుంటే ముందు అద్దం మీద సుమారు 28 కిలోల తోపు ఉంటుంది. నీటిని సగానికి దించితే అది పద్నాలుగుకు కాదు, సుమారు ఏడు కిలోలకు పడిపోతుంది. ఎత్తు సగమైతే తోపు నాలుగో వంతు అవుతుంది. అదే రెండడుగుల ఎత్తు తొట్టిలో అంతే పొడవున్న అద్దం మీద తోపు నాలుగింతలై, సుమారు 112 కిలోలకు చేరుతుంది. అందుకే ఎత్తు తక్కువ తొట్టిని ఇంట్లో బాగుచేసుకోవచ్చు గానీ, ఎత్తయిన తొట్టి జోలికి పోకూడదు.

జర్మనీలో బెర్లిన్ నగరంలోని ఒక హోటల్లో పది లక్షల లీటర్ల చేపల తొట్టి 2022 డిసెంబరు 16న తెల్లవారకముందే బద్దలైంది. అందులో దాదాపు 1500 చేపలు ఉండేవి. నీరు వీధిలోకి పారింది. జనం తిరిగే వేళ కాకపోవడం వల్లే పెద్ద ప్రమాదం తప్పింది. మన తొట్టి దాని ముందు ఎంతో చిన్నది. అయినా దాని పక్కన నిలబడేది మన పిల్లలు.

పగులు ఎందుకు వస్తుంది?

మొదటి కారణం తొట్టి కింద సమంగా లేకపోవడం. మన ప్రాంతంలో తొట్టిని కడప బండ మీద పెట్టడం మామూలే. బండ గట్టిదే. కానీ పాలిష్ పెట్టని బండ పొరలు పొరలుగా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒక చిన్న మిట్ట మీద అడుగు పలక ఆనినా భారమంతా అక్కడే పడుతుంది. అర అంగుళం మందం థర్మాకోల్ షీటు పరిస్తే ఆ మిట్టలు దానిలో అణిగిపోతాయి. తొట్టి అడుగున ప్లాస్టిక్ చట్రం ఉంటే మాత్రం షీటు అక్కరలేదు, చట్రం నాలుగు వైపులా సమంగా ఆనితే చాలు.

రెండో కారణం వేడి. మన ఎండాకాలం నలభై డిగ్రీలు దాటుతుంది. ఎండ పడి కాలిన అద్దంలో చల్లని నీరు ఒక్కసారిగా పోస్తే పగలవచ్చు. మూడోది, నీటితో ఉన్న తొట్టిని ఎత్తి జరపడం. నీరు సగమే ఉన్నా జరపకూడదు.

గాజులో పుట్టిన పగులు దానంతట అది ఆగదు. లాగే బలమంతా పగులు కొన దగ్గర పోగవుతుంది. అందుకే నెలల తరబడి కదలని గీత కూడా ఒక రాత్రి ఉన్నట్టుండి అద్దం అంచు దాకా పాకవచ్చు.

గీత కనబడగానే

ముందు మోటారు, లైటు ప్లగ్గులు తీసేయండి. ఆ తర్వాతే నీటిలో చేయి పెట్టండి. పిల్లలను దూరంగా పంపి, గొట్టంతో నీటిని సగం కన్నా కిందికి దించండి. ఆ నీటిని మొక్కలకు పోయవచ్చు. చేపలను అదే తొట్టి నీటితో ప్లాస్టిక్ టబ్బులోకి మార్చి గాలి పంపు పెట్టండి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది కనుక ఎండాకాలంలో పంపు తప్పనిసరి. ఫిల్టరు స్పంజిని కుళాయి నీటితో కడగకుండా ఆ టబ్బులోనే ఉంచండి. నీటిని శుభ్రపరిచే మేలైన బాక్టీరియా అందులోనే బతుకుతుంది. దప్పికగొన్న కుక్కకు నీరు తాగించినందుకే ఒక మనిషికి అల్లాహ్ క్షమాపణ దొరికిందని హదీసులో విన్నవాళ్ళం. తొట్టి పని ముగిసేదాకా ఈ చేపల బాధ్యత మనదే.

కారుతున్నది ఎక్కడ?

తడి కనబడినంత మాత్రాన అద్దం పగిలిందని కాదు. రెండు పలకలను కలిపే సిలికాన్ అతుకు పాతబడి ఊడినా నీరు కారుతుంది. గాలి బుడగలు చిమ్మిన నీరు కూడా కింద చేరుతుంది. తొట్టి బయట పొడిగా తుడిచి, చుట్టూ వార్తాపత్రిక పరచండి. ఏ మూల కాగితం ముందు తడిస్తే అక్కడ వెతకండి. నీటి మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టండి. మట్టం తగ్గుతూ వచ్చి ఒకచోట ఆగితే, కారే చోటు ఆ ఎత్తులోనే ఉంది. మట్టం తగ్గుతున్నా కాగితం తడవకపోతే అది ఎండకు ఆవిరైన నీరే.

ఏది బాగుచేయవచ్చు?

అతుకు కారుతుంటే నిశ్చింతగా బాగుచేయవచ్చు. అడుగు పలకలో లేదా వెనుక పలకలో చిన్న పగులుంటే, తొట్టి ఎత్తు అడుగు మించకపోతే, లోపల గాజు ముక్క అతికించవచ్చు. ముందు అద్దంలో పగులు ఉన్నా, పగులు ఒక అంచు నుంచి మరో అంచుకు పోయినా, రెండు మూడు పాయలుగా చీలినా అతుకు వేయకూడదు. ఆ పలకను పూర్తిగా మార్పించాలి. ఎత్తయిన తొట్టికి పగులు వస్తే పనివాడికి చూపించాలి, లేదా నీరు పోయకుండా మొక్కలు పెంచుకోవాలి.

పని చేసే పద్ధతి

గాజుకు అంటే సిలికాన్‌లో అక్వేరియంకు పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉన్నదే కొనండి. స్నానాల గదులకు వాడే బూజు పట్టని రకం వద్దు, అందులోని మందు చేపలకు విషం. గట్టిపడ్డాక రాయిలా అయ్యే సీలులు, చిటికెలో అంటుకునే జిగుర్లు కూడా వద్దు. నీటి తోపుకు అద్దం కొద్దిగా వంగుతుంది. సిలికాన్ దానితోపాటు సాగుతుంది, అవి సాగలేక విడిపోతాయి.

తొట్టిని పూర్తిగా ఆరబెట్టండి. కారే చోట లోపలివైపు పాత సిలికాన్‌ను బ్లేడుతో మొత్తం గీకేయండి. ఎండిన పాత సిలికాన్‌కు కొత్తది సరిగా అంటదు. అందుకే ఒక్క మూలే కారుతున్నా లోపలి నాలుగు వైపుల పూత తీసి కొత్తగా వేయడం మేలు. పలకల మధ్య ఉన్న అసలు అతుకును మాత్రం కోయకండి. పులివెందుల వైపు బోరు నీటితో అద్దానికి పట్టే తెల్లని పొర నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో పోతుంది. కడిగి ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. చేతులకు రాసుకునే శానిటైజర్ వాడకండి, అందులోని గ్లిజరిన్ జిడ్డుగా మిగిలిపోతుంది.

అతుకు అయితే రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, మూల పొడవునా ఒకే వరుసలో సిలికాన్ వేసి, గ్లవ్ తొడిగిన వేలితో ఒక్కసారి నున్నగా లాగి, వెంటనే టేపు తీసేయండి. పది నిమిషాల్లో పైపొర కట్టడం మొదలవుతుంది. తర్వాత తాకితే చెడిపోతుంది.

పగులు అయితే తొట్టి అద్దమంత మందం గాజు ముక్కను అంగడిలో కోయించి, అంచులు అరగదీయించండి. పగులు చుట్టూ అన్నివైపులా కనీసం రెండు అంగుళాలు కప్పేంత ఉండాలి. ముక్క మీద అంతటా సిలికాన్ రాసి, గాలి బుడగలు లేకుండా లోపలివైపు నొక్కండి. లోపల ఎందుకంటే, నీరే దాన్ని అద్దానికి అదిమి పెడుతుంది. బయట అంటిస్తే అదే నీరు దాన్ని తోసేస్తుంది. చివరగా ముక్క అంచుల చుట్టూ మరో వరుస వేయండి.

వెనిగర్ వాసన పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచండి. సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు మాత్రమే. మన పొడి ఎండల్లో ఇంకా ఆలస్యమవుతుంది. అతుకుకు మూడు రోజులు, గాజు ముక్కకు వారం ఆగండి.

నీటి పరీక్ష

తొట్టిని ముందు ఆరుబయట సమమైన చోట పెట్టి, కింద కాగితం పరిచి, నాలుగో వంతు నీరు పోసి ఒక రోజు చూడండి. తర్వాత సగం, తర్వాత పూర్తిగా, ఒక్కో మెట్టుకు ఒక రోజు. నిండా ఉన్నప్పుడు కాగితం పొడిగా ఉంటేనే తొట్టి గెలిచినట్టు. ఆ నీరు పారబోసి, కొత్త నీరు నింపి చేపలను వదలండి. మునిసిపల్ నీరైతే క్లోరిన్ పోవడానికి ముందు రోజే పట్టి ఉంచండి. పిల్లలుండే గదిలో గాజు ముక్క అతికించిన తొట్టిని ఎప్పుడూ నిండా నింపకపోవడం మంచిది. మూడు వంతుల ఎత్తుకు నింపితే తోపు సగం కన్నా కొంచెమే ఎక్కువ ఉంటుంది.

దాతలకు ఒక మాట

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇంట్లో తమ చెప్పులు తామే బాగుచేసుకునేవారని, బట్టలు తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా మనకు తెలిసింది. బాగుచేసి వాడుకోవడం పేదరికం కాదు, సున్నతు.

అందుకే మా మనవి ఇది. ఒక బడికి తొట్టి గానీ, నీటి ఫిల్టరు గానీ, కుట్టుమిషను గానీ ఇచ్చేటప్పుడు దాని బాగోగులకు కొంత మొత్తం పక్కన పెట్టండి. దాన్ని ఎవరు చూసుకోవాలో అప్పుడే నిర్ణయించండి. ఏడాదికి ఒకసారి వచ్చి చూడండి. ఇచ్చిన వస్తువు పనిచేస్తున్నన్నాళ్ళూ సవాబు అందుతూనే ఉంటుంది, ఇన్షా అల్లాహ్. సామాన్ల గదిలో దుమ్ము పట్టిన వస్తువు ఎవరికీ ఉపయోగపడదు. ఇప్పటికే అలా మూలనపడిన తొట్టి మీకు తెలిసిన బడిలో ఉంటే, ఈ సెలవుల్లో దాన్ని బయటికి తీయించండి. బాగుచేసే పనిని తొమ్మిదో తరగతి పిల్లల కళ్ళ ముందు చేయించండి. వాళ్ళకు నీటి పీడనం పాఠం వేరే చెప్పవలసిన పని ఉండదు.