ఫోటోలో ఎవరు లేరు?

పిల్లలూ! మీ బడి గోడమీద పాత గ్రూపు ఫోటో ఏదైనా ఉందా? ఉంటే ఒకసారి దాని ముందు నిలబడండి. అందులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వేసుకోండి. అందులో ఎవరు లేరు?

మొదటి ప్రశ్నకు జవాబు ఫోటోలోనే ఉంది. రెండో ప్రశ్నకు లేదు. దాన్ని ఎలా రాబట్టాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

జీవశాస్త్రజ్ఞులకు సూక్ష్మదర్శిని ఉంది, ఖగోళ శాస్త్రజ్ఞులకు దూరదర్శిని ఉంది. మరి మనుషులు కలిసి బతికే తీరును పరిశీలించే సమాజ శాస్త్రజ్ఞులకో? వారి పనిముట్లలో కెమెరా ఒకటి. అయితే ఏ పనిముట్టునైనా వాడే పద్ధతి తెలియాలి. థర్మామీటరును ఎర్రటి ఎండలో పెట్టి, గాలి వేడి ఇంత అని రాసుకుంటే తప్పే కదా! కెమెరా సంగతీ అంతే.

కోటు గుండీలతో కొలత

అమెరికాలో లూయిస్ హైన్ (1874-1940) అనే ఆయన సమాజ శాస్త్రం చదివి, న్యూయార్కులో బడిపంతులుగా పనిచేశారు. 1908లో ఆ ఉద్యోగం మానేసి, బాలకార్మికుల కోసం పాటుపడే ఒక జాతీయ సంఘంలో చేరారు. నూలు మిల్లులు, బొగ్గు గనులు, గాజు కార్ఖానాలు తిరిగి, అక్కడ పనిచేసే పిల్లల ఫోటోలు తీశారు. యజమానులు కెమెరాను ఊరికే లోపలికి రానిస్తారా? అందుకని ఒకచోట బైబిళ్లు అమ్మేవాడినని, మరోచోట పోస్టుకార్డులు అమ్మేవాడినని చెప్పుకొని వెళ్లేవారు.

ఇక్కడొక చిక్కు ఉంది. ఫోటోలో పిల్లవాడు చిన్నగా కనిపిస్తాడు. కాని దూరంగా నిలబడ్డ పెద్దవాడూ చిన్నగానే కనిపిస్తాడు! అందుచేత హైన్ తన కోటు గుండీలు నేల నుంచి ఎంతెంత ఎత్తున ఉన్నాయో ముందే కొలిచి ఉంచుకున్నారు. పిల్లవాడు పక్కన నిలబడితే, తల ఏ గుండీ దాకా వచ్చిందో చూసి ఎత్తు తెలుసుకునేవారు. పేరు, వయసు, చేసే పని, ఊరు, తేదీ రాసిపెట్టుకునేవారు. ఆ రాత తోడుండబట్టే ఆయన ఫోటోలు సాక్ష్యాలయ్యాయి. 5,000కు పైగా ఫోటోలు అమెరికా పార్లమెంటు గ్రంథాలయంలో ఉన్నాయి. బాలకార్మికుల విషయమై అక్కడ 1916లో ఒక చట్టం చేశారు. 1918లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. 1938లో వచ్చిన చట్టం మాత్రం నిలిచింది.

ఊహ తప్పింది

1970ల్లో న్యూయార్కులోనే విలియం హెచ్. వైట్ అనే పరిశోధకుడు మరో ప్రశ్న వేసుకున్నారు. అక్కడి పెద్ద పెద్ద భవనాల ముందు జనం కోసం ఖాళీ జాగాలు వదిలేవారు. మధ్యాహ్నం కాగానే కొన్ని జాగాలు జనంతో నిండిపోయేవి. కొన్ని బోసిపోయి ఉండేవి. ఎందుకు?

ఆయన ఎత్తయిన చోట్ల కెమెరాలు పెట్టి, కొంత విరామానికి ఒక్కొక్క ఫోటో చొప్పున రోజంతా తీయించారు. వాటిని వరుసగా వేగంగా తిప్పితే రోజు మొత్తం కొద్ది నిమిషాల్లో కళ్లముందు కదిలిపోతుంది. ఎండ తగిలే చోటికి జనం వస్తారని ఆయన మొదట అనుకున్నారు. అది చలిదేశం కదా! మే నెలలో ఆ ఊహ నిజమే అనిపించింది. జూన్‌లో వేడి పెరిగాక మాత్రం ఆ లెక్క కుదరలేదు. చివరికి తేలిందేమిటంటే, కూర్చోవడానికి వీలైన అరుగులు, మెట్లు, కుర్చీలు ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడే జనం ఎక్కువగా కూర్చుంటున్నారు.

"ఇంతేనా!" అని నవ్వుతున్నారా? ఇంత చిన్న సంగతి ఆ భవనాలు కట్టినవారిలో చాలామందికి తట్టలేదు మరి. 1975లో నగరంవారు నిబంధనలు మార్చి, అలాంటి జాగాల్లో కూర్చునే వసతి తప్పనిసరి చేశారు.

చూపించి అడగడం

మూడో పద్ధతి జాన్ కోలియర్‌ది. కెనడా తూర్పుతీర రాష్ట్రాల్లో కుటుంబాల జీవితాన్ని పరిశీలించే బృందంలో ఆయన పనిచేశారు. కొన్నిసార్లు ప్రశ్నలు మాత్రమే అడిగారు. మరికొన్నిసార్లు ఫోటోలు ముందుపెట్టి అడిగారు. ఫోటోలు చూపినప్పుడు జవాబులు మరింత వివరంగా వచ్చాయి. మాట్లాడేవారు అంత త్వరగా అలసిపోలేదు కూడా. ఈ సంగతులను ఆయన 1957లో ప్రకటించారు.

దీని విలువ నాకు మా ఇంట్లోనే తెలిసివచ్చింది. 1982లో, నేను ఏడో తరగతిలో ఉండగా తీసిన గ్రూపు ఫోటో నా దగ్గర ఉంది. అందులో మగపిల్లలు 31 మంది, ఆడపిల్లలు నలుగురే. "చూడండి, ఆ రోజుల్లో మా ఊళ్లో ఆడపిల్లలను బడికి పంపేవారు కాదు" అని ఎన్నో ఏళ్లు తరగతిలో చెబుతూ వచ్చాను.

ఒకరోజు మా అమ్మ ఆ ఫోటో చేతిలోకి తీసుకుంది. "పంపకపోవడమేమిట్రా? వెనకాల మడిలో నారుకట్టలు కనబడ్డం లేదూ? ఇవి నాట్ల రోజులు. తక్కినవాళ్లు మాతోపాటు పొలంలో ఉన్నారు" అంటూ ఆరుగురి పేర్లు గడగడా చెప్పింది.

నారుకట్టలు అన్నేళ్లూ నా కళ్లముందే ఉన్నాయి. నేను చూడలేదు! బడికి అసలు పంపకపోవడం ఒక సమస్య. పంపి, పని తగిలినప్పుడల్లా మాన్పించడం వేరే సమస్య. రెండింటికీ మందు ఒకటి కాదు. జబ్బు పేరు తప్పు చెప్పిన వైద్యుడిలా నేను ఇన్నాళ్లూ పాఠం చెప్పానన్నమాట.

మీరూ చేసి చూడండి

భోజనాల గంట కొట్టాక మీ బడి కుళాయి దగ్గర నీళ్లు ఎవరికి ఆలస్యంగా అందుతున్నాయి? మీ ఊహను ముందే కాగితంమీద రాసుకోండి. మాస్టారి అనుమతితో ఒకేచోట నిలబడి, 2 నిమిషాలకొకటి చొప్పున 20 నిమిషాలు ఫోటోలు తీయండి. మొత్తం 11 వస్తాయి. 10 ఎందుకు కాదో మీరే చెప్పండి! ఇలా ఐదు రోజులు చేయండి. కెమెరా లేకపోతే పటం గీసి, ఎవరెక్కడ నిలబడ్డారో చుక్కలు పెట్టినా చాలు. ప్రతిదానిమీదా తేదీ, సమయం రాయండి. ఏ తరగతివారు ఎంతమందో లెక్కపెట్టండి.

హైన్‌లా మారుపేరుతో వెళ్లడం మనకు వద్దు. ఎందుకు తీస్తున్నారో చెప్పి, అడిగి తీయండి. వద్దన్నవారిని వదిలేయండి.

చివరగా ఆ ఫోటోలను చిన్న తరగతులవారికి చూపించి, "ఇందులో ఎవరు లేరు? ఎందుకు లేరు?" అని అడగండి. నీళ్లు తాగకుండానే వెనుదిరిగిన పిల్లలు ఏ ఫోటోలోనూ ఉండరు. వారి సంగతి ఆ చిన్నవాళ్లే మీకు చెప్పాలి.