చేదు బీరు.. అసలు కథ!

అరోరా అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది బాలాజీ గుడి. చికాగోకు నలభై మైళ్ల దూరంలోని ఈ ఊళ్లో రైలు దిగితే స్టేషన్ పక్కనే గుండ్రటి సున్నపురాతి కట్టడం కనిపిస్తుంది. 1856లో రైలింజన్ల రిపేర్ల కోసం కట్టిన 'రౌండ్‌హౌస్' అది. ఫుట్‌బాల్ హీరో వాల్టర్ పేటన్ భాగస్వామిగా 1996లో అందులో రెస్టారెంటు, బీరు తయారీ మొదలయ్యాయి. 2011లో 'టూ బ్రదర్స్' సంస్థ చేతికొచ్చింది. ఇంజన్లు తిరిగిన చోట బీరు కాచారన్నమాట!

ఆఫీసు టీమ్‌తో ఇలాంటి చోటికి వెళ్తే 'ఐపీఏ ట్రై చెయ్' అంటారు కొలీగ్స్. మొదటి గుక్కకే మొహం మాడిపోతుంది. 'ఇదేంటి, వేపాకు కషాయంలా ఉంది' అనుకుంటాం. ఇంతకీ ఆ చేదు ఎక్కడిది?

నాలుగే సరుకులు

నీళ్లు, బార్లీ, హాప్స్, ఈస్ట్. అంతే! మన రాగి మాల్ట్‌కు చేసినట్టే బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడతారు. దాన్ని నూకలా పట్టించి, 65-68 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచుతారు. గింజలోని పిండి చక్కెరగా మారి తియ్యటి నీళ్లు తయారవుతాయి. వాటిని వడకట్టి మరిగిస్తారు.

ఇక హాప్స్ సంగతి. ఇవి తీగకు కాసే పచ్చటి పువ్వులు. అమెరికాలో ఎక్కువగా వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో పండుతాయి. మరుగు మొదట్లో వేసి గంటసేపు కాగనిస్తే చేదు దిగుతుంది. దించేముందు వేస్తే వాసన నిలుస్తుంది. చారులో చివర కొత్తిమీర వేస్తాం చూడండి, అలాగే!

తర్వాత చల్లార్చి, ఇరవై డిగ్రీల దగ్గర ఈస్ట్ కలుపుతారు. అది చక్కెరను తిని ఆల్కహాల్, గ్యాస్ ఇస్తుంది. కల్లు పులిసేదీ ఇలాగే. పులిశాక మళ్లీ కొన్ని హాప్స్ వేసి, మూడు నాలుగు రోజులు ఉంచుతారు. దీన్ని 'డ్రై హాపింగ్' అంటారు. 1972లో విడుదలైన 'కాస్కేడ్' రకం హాప్స్‌తోనే అమెరికన్ బీరుకు పంపరపనస లాంటి ఘాటు వాసన అబ్బింది.

పేరులో మన దేశం

ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్. మన దేశంలో ఉన్న ఇంగ్లిషువాళ్ల కోసం ఇంగ్లండ్ నుంచి ఓడల్లో పంపిన బీరు అది. హాప్స్‌కు బీరు పాడవకుండా కాపాడే గుణముంది. నెలల తరబడి సాగే ప్రయాణం కాబట్టి వాటిని దండిగా వేసేవారు.

గ్లాసు ఒకటే.. లెక్క రెండు

ఇక్కడే మనవాళ్లు బోల్తా పడేది. మామూలు బీరు ఐదు శాతం, 12 ఔన్సులు. ఐపీఏ ఏడు శాతం దాకా ఉంటుంది, గ్లాసేమో 16 ఔన్సులు. అంటే ఒక్కటి తాగితే దాదాపు రెండు బీర్లు తాగినట్టే! ఇల్లినాయిలో డ్రైవింగ్‌కు రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం. తొలిసారి నేరం రుజువైనా లైసెన్సు కనీసం ఏడాది రద్దు. మనకైతే అంతటితో పోదు. 2015 నుంచి ఉన్న విధానం ప్రకారం డీయూఐ కింద అరెస్టయితే చాలు, కోర్టు తీర్పు రాకముందే వీసా స్టాంపు రద్దు కావచ్చు. అమెరికాలో ఉన్నన్నాళ్లూ ఉద్యోగం సాగినా, చెల్లెలి పెళ్లికని ఇంటికెళ్తే తిరిగి రావడానికి మళ్లీ వీసా, మెడికల్ పరీక్ష తప్పవు.

ఇంట్లో కాచుకోవచ్చా?

1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం అందుకు దారి తీసింది. ఫెడరల్ చట్టం ప్రకారం పెద్దవారొక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకన్నా ఎక్కువుంటే 200 గ్యాలన్లు చేసుకోవచ్చు. అమ్మితే మాత్రం నేరం.

రుచి చూడాలనుంటే చూడండి. కారు తాళాలు మాత్రం తాగని మిత్రుడి చేతిలో పెట్టండి. లేదంటే చికాగో రైలు ఎలాగూ ఉంది, స్టేషన్ పక్కనేగా!