నాలుగు చక్రాలకూ ఒకే న్యాయమా?

ఖిదిర్‌పూర్ వీధులలో కారు నడపడమంటే బ్రేకుకు నిత్యమూ పరీక్ష పెట్టడమే. కోల్‌కతా రేవుకు సరుకు మోసే భారీ ట్రెయిలర్లు, చెప్పాపెట్టకుండా ఆగే బస్సులు, సందులలోనుండి హఠాత్తుగా వెలువడే తోపుడుబళ్లు, వానాకాలంలో రోడ్డుమీద నిలిచే నీరు - ఇవి అక్కడి చోదకులకు అనుదిన దృశ్యాలు. ఇటువంటి చోట ముందు చక్రాలకు ఒక రకం, వెనుక చక్రాలకు మరొక రకం బ్రేకు ప్యాడ్లు వేయించవచ్చునా అన్నది కేవలం డబ్బుకు సంబంధించిన ప్రశ్న కాదు.

"ముందువి అరిగిపోయాయి, వెనుకవి బాగానే ఉన్నాయి. ప్రస్తుతానికి ముందు చక్రాలకు చవకరకం వేసి పంపించండి." ఏ ఊరి గారేజీలోనైనా వినవచ్చే మాట ఇది. ఇందులో ఆదా కనిపిస్తుంది, అపాయం కనిపించదు.

నిజానికి ముందు బ్రేకులు, వెనుక బ్రేకులు వేరుగా ఉండటం దోషమేమీ కాదు. కోల్‌కతా సమీపాన ఉత్తరపారాలో 2014 వరకు తయారైన అంబాసిడర్ తొలి నమూనాలలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. నేటి చిన్న కార్లలో అనేకం ముందు డిస్కుతోనూ, వెనుక డ్రమ్ముతోనూ వస్తున్నాయి. డిస్కును నొక్కేది ప్యాడు. డ్రమ్మును లోపలినుండి ఒత్తేది షూ. తయారీదారుడే ఈ తేడా పెట్టాడు. అయితే లెక్క వేసి పెట్టాడు.

ఆ లెక్క ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. కారు బరువు 1,000 కిలోలు. నిలిచి ఉన్నప్పుడు ముందు చక్రాలపై 600, వెనుక చక్రాలపై 400 కిలోలు పడుతున్నాయనుకుందాం. ఇరుసుల మధ్య దూరం 2.4 మీటర్లు, గురుత్వకేంద్రం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నది. పొడిరోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే దాదాపు 160 కిలోల భారం వెనుకనుండి ముందుకు మారుతుంది. అప్పుడు ముందు 760, వెనుక 240. అనగా కారును ఆపే పనిలో నాలుగింట మూడు పాళ్లు ముందు చక్రాలవే. భారం తగ్గిన వెనుక చక్రానికి నేలమీద పట్టు స్వల్పం. కొంచెం ఎక్కువగా బిగిస్తే తిరగడం మాని జారుతుంది.

ముందు చక్రాలు బిగుసుకుపోతే స్టీరింగ్ పనిచేయదు. కారు మాత్రం తిన్నగానే జారుతుంది. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుపోతే తోక పక్కకు విసిరి, కారు గిర్రున తిరిగిపోవచ్చు. రెండూ ప్రమాదాలే అయినా రెండవది ఘోరమైనది. ముందు బలహీనమైన ప్యాడు, వెనుక బలమైనది వేయడమంటే ఈ రెండవ ప్రమాదాన్ని ఆహ్వానించడమే.

ప్యాడుకు బలమిచ్చేది దాని పదార్థం. పందొమ్మిదవ శతాబ్దం చివర ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండలలో బండివాళ్లు చెక్క బ్రేకుదిమ్మెలకు పాత బూట్ల తోలు తగిలించడం చూచి, హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన మెరుగైన బ్రేకు లైనింగులు రూపొందించాడు. తరువాత ఆస్బెస్టాస్ వచ్చింది. అది ఊపిరితిత్తులకు హానికరమని తేలాక పలుదేశాలు దానిని నిషేధించాయి. ఇప్పుడు సేంద్రియ, అర్ధలోహ, సిరామిక్ మిశ్రమాలు వాడుకలో ఉన్నాయి. వీటి ఘర్షణ ఒకటి కాదు. పైగా వేడితో పాటు మారుతుంది. కొన్ని చల్లగా ఉండగా చక్కగా పట్టి, కాగితే జారిపోతాయి. పందెపు కార్ల ప్యాడ్లు కాగితే తప్ప సరిగా పట్టవు. కనుక తోచినట్లు జతచేసిన బ్రేకులు బయలుదేరేటప్పుడు ఒక విధంగా, పది కిలోమీటర్ల రద్దీ తరువాత మరొక విధంగా ప్రవర్తించగలవు.

అనేక ప్యాడ్ల మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు ముద్రించి ఉంటాయి. మొదటిది సాధారణ స్థితిలోని ఘర్షణకు, రెండవది వేడెక్కినప్పటి ఘర్షణకు గుర్తు. 'ఇ' అంటే ఘర్షణ గుణకం 0.25 నుండి 0.35 వరకు, 'ఎఫ్' అంటే 0.35 నుండి 0.45, 'జి' అంటే 0.45 నుండి 0.55. ఒక్కొక్క అక్షరం పరిధి విశాలమైనది గనుక అక్షరాలు కలిసినంతమాత్రాన ప్యాడ్లు సమానమని నమ్మరాదు.

"నా కారులో ఎలక్ట్రానిక్ బ్రేకు వ్యవస్థ ఉన్నది కదా!" అని మీరు అనవచ్చు. అది చక్రాల వేగాన్ని గమనించి, జారబోయే చక్రానికి ఒత్తిడి తగ్గించగలదు. నాసి ప్యాడుకు లేని పట్టును మాత్రం తెచ్చిపెట్టలేదు.

అందుచేత కొన్ని నియమాలు మరువరాదు. ఒకే ఇరుసు మీది కుడి ఎడమ ప్యాడ్లను ఎల్లప్పుడూ జంటగానే, ఒకే రకానివే మార్పించాలి. లేకుంటే బ్రేకు తొక్కగానే కారు ఒకపక్కకు లాగుతుంది. ముందువి మాత్రమే అరిగితే ముందువి మాత్రమే మార్చవచ్చు. కాని తయారీదారుడు నిర్దేశించిన రకమే వేయించాలి. వెనుక మాత్రమే బలం పెంచడం ఎన్నడూ తగదు. కొత్త ప్యాడ్లు డిస్కుతో పొసగేవరకు మొదటి కొద్దిరోజులు నెమ్మదిగా నడపాలి. నీళ్లలోనుండి బయటపడ్డాక పెడలును మెల్లగా నొక్కుతూ కొంతదూరం పోయి, తడి ఆరి బ్రేకు పట్టు తిరిగి వచ్చినట్లు చూచుకోవాలి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు, బ్రేకులన్నీ సవ్యంగా ఉన్నా, బ్రేకు పట్టిన తరువాత ఆగడానికి సుమారు 20 మీటర్లు తీసుకుంటుంది. ఆ ఇరవై మీటర్లను ఇరవైయైదు చేసేది ఒక్కొక్కసారి చవకగా కొన్న ప్యాడే కావచ్చు. ఎదుట ఒక పసివాడు రోడ్డు దాటుతున్నప్పుడు, మిగిలిన డబ్బు ఆ అయిదు మీటర్లను తిరిగి కొని ఇవ్వజాలదు.