మీకు తెలుసా? పెనుకొండ రోడ్డు మంచుకొండల దాకా

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ పక్కనుంచి పోయే హైవే ఎక్కి, బెంగళూరు వైపు కాకుండా ఉత్తరం పట్టి, రోడ్డు నంబరు మారకుండా పోతూనే ఉంటే చివరికి ఎక్కడ తేలతామో తెలుసా? శ్రీనగర్‌లో! కన్యాకుమారి నుంచి కశ్మీరు దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి అది. మనవాళ్లలో చాలామందికి ఇప్పటికీ అది పాత నంబరుతో ‘సెవెన్త్ హైవే’నే. అనంతపురం, కర్నూలు, హైదరాబాదు, నాగపూర్, ఢిల్లీ, జమ్మూ దాటి బనిహాల్ చేరేసరికి, చలికాలమైతే అదే రోడ్డు మంచు కింద ఉంటుంది. 2021లో బనిహాల్–ఖాజీగుండ్ మధ్య ఎనిమిదిన్నర కిలోమీటర్ల సొరంగం తెరిచాక కొండెక్కే బాధ తగ్గింది. మంచు మాత్రం ఎప్పటిలాగే పడుతోంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోవి. వానే మొహం చాటేసే సీమలో మంచు గొడవ ఎందుకంటారా? ఈ ఊళ్ల పిల్లలు ఇప్పుడు చికాగోలో, డెట్రాయిట్‌లో, టొరంటోలో ఉన్నారు. నవంబరు రాగానే ‘ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ కొన్నా నాన్నా, ఇక మంచుకు భయం లేదు’ అని ఫోన్ చేస్తారు. అందులో సగమే నిజం. మిగతా సగం టైర్ల చేతిలో ఉంది.

ముందు ఇంటి సంగతి. కియా 2017లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, 536 ఎకరాల్లో, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో పెట్టిన ఫ్యాక్టరీ పెనుకొండది. 2019 ఆగస్టులో ఇక్కడి సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. 2023 జులైకల్లా పది లక్షలవ కారు బయటికొచ్చింది. అయితే మన సెల్టోస్‌లో ఇంజను లాగేది ముందు రెండు చక్రాలనే. అమెరికాలో అదే పేరుతో అమ్మే సెల్టోస్‌కు ఆల్ వీల్ డ్రైవ్ కూడా దొరుకుతుంది. అది కొరియాలోని గ్వాంగ్జులో తయారయ్యే బండి. ఇక్కడ ఆ ఏర్పాటు ఎందుకు లేదంటే, వెనక చక్రాలకు బలం అందించే షాఫ్టు, డిఫరెన్షియల్, క్లచ్ అన్నీ కలిసి బరువూ ధరా పెంచుతాయి, మైలేజీ తగ్గిస్తాయి. ధర్మవరం నుంచి చీరల మూటలతో బెంగళూరు పోయివచ్చే వ్యాపారికి అవన్నీ దండగ. కియా మన దేశంలో అమ్మిన ఆల్ వీల్ డ్రైవ్ బండ్లలో ఈవీ6, ఈవీ9 ఉన్నాయి. రెండూ విదేశం నుంచి తెప్పించినవే.

మరి ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేచిన సుమోలు? వాటిలో ఎక్కువ భాగం వెనక చక్రాలతో నడిచేవే. పైకి లేవడానికి నాలుగు చక్రాల బలం అక్కర్లేదు, దర్శకుడి బలం చాలు.

ఇప్పుడు అసలు విషయం. ఆల్ వీల్ డ్రైవ్ చేసే పని ఏమిటి? ఇంజను బలాన్ని రెండింటికి బదులు నాలుగు చక్రాలకు పంచడం. ఒక చక్రం జారి ఊరికే తిరుగుతుంటే, పట్టు దొరికిన చక్రానికి ఎక్కువ బలం పంపడం. మంచు నిండిన పార్కింగ్‌లోంచి బయటపడడానికి, ఎత్తు ఎక్కడానికి దాన్ని మించింది లేదు. సిగ్నల్ దగ్గర పక్క కారు చక్రాలు తిప్పుకుంటూ నిలబడిపోతే మన బండి హాయిగా ముందుకు పోతుంది. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

ఎందుకంటే బ్రేకులు ఆల్టోకైనా నాలుగు చక్రాలకే ఉంటాయి. ఆగే దగ్గర ఆల్ వీల్ డ్రైవ్‌కు చేసే పనేమీ లేదు. మలుపు తిరిగే దగ్గరా అంతే. ఆగడం, తిరగడం రెండూ రోడ్డుకు ఆనుకున్న నాలుగు రబ్బరు ముక్కల పట్టు మీదే ఆధారపడతాయి. ఒక్కో ముక్క అరచేయి కంటే కాస్త పెద్దది, అంతే. కాగితం మీద లెక్క వేసి చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో పొడి తారురోడ్డు మీద బ్రేకు పట్టాక బండి సుమారు 14 మీటర్లలో ఆగుతుంది. తొక్కి గట్టిపడిన మంచు మీద అదే 50 మీటర్లు కావచ్చు. గడ్డకట్టిన నీటి మీదైతే 100 మీటర్లకు దగ్గర. డ్రైవరు చూసి, తేరుకుని, కాలు వేసేలోపు పోయే దూరం ఇందులో కలపలేదు. బండి బరువైతే పట్టు పెరుగుతుందన్న ధైర్యం కూడా పనికిరాదు. బరువు పెరిగినంత మేరా ఆపాల్సిన ఊపూ పెరుగుతుంది.

ముందు చక్రాల కారు నడిపేవాడికి కదిలేటప్పుడే చక్రం జారి రోడ్డు సంగతి చెప్పేస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్‌లో ఆ హెచ్చరిక అందదు. మొదటి బ్రేకు వేసినప్పుడు గానీ తెలియదు, అప్పటికి మీటరు 70లో ఉంటుంది. మంచు పడిన మర్నాడు రోడ్డు పక్క గుంటల్లో పెద్ద పెద్ద ఎస్‌యూవీలు కనిపించడానికి ఒక కారణం ఇదేనని నా నమ్మకం.

మీకు తెలుసా, చలికాలపు టైరు అసలు మంచు కోసమే కాదు, చలి కోసం కూడా? హిందూపురంలో డిసెంబరు తెల్లవారుజామున సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టినట్టే, మామూలు టైరు రబ్బరు కూడా చలికి బిగుసుకుపోతుంది. టైరు కంపెనీలు గీసే గీత సుమారు 7 డిగ్రీల సెల్సియస్. అంతకంటే చలి పెరిగితే ఎండకాలపు టైరు గట్టిపడి, రోడ్డులోని సన్నటి గరుకులోకి దిగలేదు. మంచు ఒక్క రేణువు లేకపోయినా పట్టు తగ్గుతుంది. చలికాలపు టైరులో మెత్తదనం పోకుండా ఉండే రబ్బరు, సిలికా కలుపుతారు. దాని దిమ్మెల మీద కత్తితో గాట్లు పెట్టినట్టు వందల సన్నటి చీలికలుంటాయి. వాటిని సైప్‌లంటారు. అమెరికాలో జాన్ సైప్ అనే ఆయన 1923లో ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నారు. చక్రం తిరిగేటప్పుడు ఆ చీలికలు తెరుచుకుని మంచును కరిచి పట్టుకుంటాయి. మంచు మంచుకు అతుక్కున్నంత బాగా రబ్బరుకు అతుక్కోదు కాబట్టి, టైరు గాడిలో ఇరుక్కున్న మంచు కూడా పట్టుకు సాయమే.

కొనేటప్పుడు ఏం చూడాలి? టైరు పక్కగోడ మీద ‘ఎం ప్లస్ ఎస్’ అని రాసి ఉంటే ‘బురదకు, మంచుకు’ అని అర్థం. చాలామంది అది చూసి డబ్బులిచ్చేస్తారు. ఆ ముద్ర గాడుల ఆకారాన్ని బట్టి కంపెనీ తనంతట తాను వేసుకునేది, దాని వెనక మంచు మీద పరీక్ష ఉండాలన్న నియమం లేదు. నమ్మాల్సింది ఇంకో గుర్తు: మూడు శిఖరాల కొండ, లోపల మంచు పువ్వు. అది వేయాలంటే ప్రామాణిక టైరు కంటే మంచులో కనీసం 10 శాతం ఎక్కువ పట్టు ఉందని పరీక్షలో తేలాలి. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి ఒట్టి ‘ఎం ప్లస్ ఎస్’ టైరును చలికాలపు టైరుగా ఒప్పుకోవడం మానేశారు. కెనడాలోని క్విబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు లేకుండా బండి తీస్తే జరిమానా. మాంట్రియల్‌లో పిల్లలున్నవాళ్లు ఈ తేదీలు క్యాలెండరులో రాసుకోవచ్చు.

అయితే ఆ గుర్తు గడ్డమంచు మీద పట్టుకు హామీ కాదు. ఆ పరీక్ష మంచు మీద బండి ముందుకు లాగడానికి సంబంధించింది. ‘ఆల్ వెదర్’ అని పిలిచే టైర్లకూ ఆ గుర్తు ఉంటుంది. డాలస్‌లో ఏడాదికి ఒకటి రెండుసార్లు మంచు చూసేవాళ్లకు అవి చాలు. మినియాపోలిస్‌లో ఉంటే మాత్రం అచ్చమైన చలికాలపు టైర్లే కొనమంటాను. డబ్బు ఒకదానికే ఉంటే? మామూలు ముందు చక్రాల కారుకు నాలుగు మంచి చలికాలపు టైర్లు వేయించుకోమంటాను. మామూలు టైర్ల ఆల్ వీల్ డ్రైవ్ కంటే అదే మేలు. రెండూ ఉంటే ఇంకా మంచిది, కాదనడం లేదు.

నాలుగూ మార్చాలి, రెండు కాదు. ముందు రెండింటికే కొత్త టైర్లు వేస్తే ముందు భాగం ఆగుతుంది, వెనక భాగం ఆగదు. బండి తిరిగి వచ్చినదారినే చూస్తుంది. పైగా ఆల్ వీల్ డ్రైవ్ బండిలో అరిగిన టైరు, కొత్త టైరు కలిసి ఉంటే చుట్టుకొలతలు తేడా వచ్చి, ముందూ వెనకా చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరుగుతాయి. ఆ భారమంతా మధ్యలోని క్లచ్, గేర్ల మీద పడుతుంది. ఒక్క టైరు పేలితే నాలుగూ మార్చమని మెకానిక్ చెబితే అది మోసమే కానక్కర్లేదు.

మన దగ్గర ట్యూబు గాలి గురించి దిగులంతా ఎండాకాలంలోనే. అక్కడ తిరగబడుతుంది. 20 డిగ్రీల వెచ్చటి గ్యారేజీలో 33 పీఎస్ఐ పట్టించిన టైరు, మైనస్ 15లో రాత్రంతా ఉంటే పొద్దున 27 చూపిస్తుంది. లీకు కాదు, లోపలి గాలి చలికి ముడుచుకుపోయింది. చలి ఉదయాన, బండి తీయకముందే కొలిచి కంపెనీ చెప్పిన మేరకు నింపాలి.

చలికాలపు టైరు పుట్టింది ఫిన్లాండులో. ఇప్పుడు నోకియన్ టైర్స్ అని పిలిచే కంపెనీ 1934లో లారీల కోసం మొదటిది చేసింది, 1936లో కార్లకు హక్కపెలిట్ట పేరుతో తెచ్చింది. నాలుగు చక్రాలకూ బలం అందే మామూలు కారు పుట్టడానికి కూడా మంచే కారణం. జపాన్ ఉత్తరాదిలో తోహోకు విద్యుత్ సంస్థ, మంచులో తీగలు చూసివచ్చే సిబ్బందికి జీపు కంటే సుఖమైన బండి కావాలని అడిగితే సుబారు తయారు చేసింది. 1972లో లియోన్ వ్యాన్‌గా అది అమ్మకానికి వచ్చింది. మనకూ ఈ కథలో చోటుంది. యూరప్‌లో వింట్రాక్ పేరుతో చలికాలపు టైర్లు అమ్మే వ్రెడెస్టైన్‌ను 2009లో కొన్నది మన అపోలో టైర్స్. ఆ కంపెనీకే తిరుపతి జిల్లా చినపండూరులో 2020 నుంచి ఫ్యాక్టరీ ఉంది.

హిందూపురం వీధుల్లో తిరిగే క్రెటాల్లో, పై రకాల్లో ‘స్నో’ అని ఒక మోడ్ ఉంటుంది. చూసి నవ్వుకునే ఉంటారు. అది ముందు చక్రాల బండిని నాలుగు చక్రాల బండిగా మార్చదు. యాక్సిలరేటరు తొక్కినా ఇంజను నెమ్మదిగా స్పందించేలా, చక్రం జారితే బ్రేకు తొందరగా పట్టేలా చూస్తుంది. హిందూపురంలో దాని అవసరం ఎప్పుడూ రాకపోవచ్చు. కానీ అదే కారులో మనాలీ పోతే? అక్కడ మంచు పడ్డాక అటల్ సొరంగం వైపు ఫోర్ బై ఫోర్‌లను, చక్రాలకు గొలుసులు కట్టిన బండ్లను మాత్రమే పంపడం మామూలు. మోడ్ చూపించి వాదించడానికి లాభం లేదు. స్థానిక టాక్సీ మాట్లాడుకోవడమే మర్యాద. గొలుసులు కట్టుకున్నా గంటకు 50 మించకూడదు, పొడి తారు రాగానే విప్పేయాలి.

నడిపే పద్ధతికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. స్టీరింగు, బ్రేకు, యాక్సిలరేటరు మూడూ మెల్లగా, ఒకేసారి రెండు కాకుండా. బ్రేకు వేశాక కాలి కింద గడగడ వణికితే భయపడి తీసేయకండి, ఏబీఎస్ తన పని చేస్తోంది, నొక్కే ఉంచండి. బండి జారితే గుద్దుకోబోయే స్తంభం వైపు కాదు, పోవాల్సిన వైపు చూడాలి. చేతులు కళ్ల వెంట పోతాయి. ఫ్లైఓవర్లు, వంతెనలు మిగతా రోడ్డు కంటే ముందే గడ్డకడతాయి. కింద నేల వెచ్చదనం లేదు, చలిగాలి పైనుంచీ కిందనుంచీ తగులుతుంది.

ఇది ఒక్కటి పిల్లలకు తప్పక చెప్పండి. మంచులో ఇరుక్కుపోయి హీటరు కోసం ఇంజను ఆన్‌లో ఉంచి కూర్చుంటే, ముందు దిగి వెనక పొగగొట్టం చుట్టూ మంచు తవ్వేయాలి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఏప్రిల్ రాగానే ఆ టైర్లు విప్పేయాలి. మెత్తటి రబ్బరు వేడి రోడ్డు మీద చకచకా అరిగిపోతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ధర్మవరంలో అయితే ఆ జత ఒక్క వేసవికే ఒళ్లు హూనం చేసుకుంటుంది. మన చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్లుంటే చాలు. మంచులో అది 4కు తగ్గిందంటే పని అయిపోయినట్టే లెక్క. ఆస్ట్రియాలో చట్టమే 4 అడుగుతుంది.

పాత టైర్లు చవగ్గా దొరికాయని కొనేవాళ్లు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగంకెలు చదవండి. 3521 అని ఉంటే 2021లో 35వ వారంలో తయారైనదని. గాడులు కొత్తవిలా ఉన్నా, ఎనిమిది తొమ్మిదేళ్ల రబ్బరు గట్టిపడి ఉంటుంది. దాన్ని అక్కడే వదిలేసి రండి.