గేమింగ్ హెడ్‌సెట్: వైరుదా, వైర్‌లెస్సా?

రెండు చెవులనూ కప్పే స్పీకర్లు, నోటి దగ్గరకు చాచిన మైకు కలిసి ఒకే సాధనంగా ఏర్పడినదే గేమింగ్ హెడ్‌సెట్. పాటలు వినేవారికి హెడ్‌ఫోన్ ఆనందాన్నిస్తే చాలు. కానీ వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్, 2021 జులైలో మన దేశంలో విడుదలైన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా వంటి ఆటలలో శత్రువు కంటికి కనబడేలోగానే అతని అడుగుల చప్పుడు ఏ దిక్కు నుంచి, ఎంత దూరం నుంచి వస్తున్నదో చెవి పసిగట్టాలి. అందువల్ల వైరున్నది కొనాలా, లేనిది కొనాలా అనే ప్రశ్నకు అందచందాలను బట్టి గాని, కొత్తదనాన్ని బట్టి గాని కాక, చెవికి చేరే ధ్వనిని బట్టీ, గంటల తరబడి తల మీద మోసే భారాన్ని బట్టీ జవాబు వెతకాలి.

ముందుగా తెలుసుకోవలసినది, ధ్వనిని పుట్టించే భాగం రెండు రకాలలోనూ ఒకటేనన్న విషయం. విద్యుత్ సంకేతం అయస్కాంతం చెంత ఉన్న సన్నని తీగచుట్టను కదిలించగా, దానికి అతికిన పలుచని పొర కంపించి గాలిలో ధ్వనిని పుట్టిస్తుంది. ఈ అమరికనే డ్రైవర్ అంటారు. గేమింగ్ హెడ్‌సెట్లలో సాధారణంగా 40 లేదా 50 మిల్లీమీటర్ల వ్యాసం గల డ్రైవర్లు ఉంటాయి. డ్రైవర్ నాణ్యత, దాని చుట్టూ ఉన్న గుల్ల నిర్మాణం, చెవి చుట్టూ దిండు ఎంత బిగువుగా ఆనిందన్నది కలిసి శబ్దపు నాణ్యతను చాలా వరకు నిర్ణయిస్తాయి కనుక, వైరు ఉన్నంత మాత్రాన నాసిరకం డ్రైవర్ మంచి ధ్వనినివ్వదు. పైగా 3.5 మిల్లీమీటర్ల గుండ్రని పిన్నుతో కలిపే హెడ్‌సెట్‌కు, అంకెల రూపంలోని ధ్వనిని విద్యుత్ తరంగంగా మార్చి అందించే పని కంప్యూటరో ఫోనో చేయాలి. ఆ పరికరంలోని సర్క్యూట్ బాగా లేకపోతే సన్నని బుసలాంటి రొద వినిపిస్తుంది. వైర్‌లెస్, యూఎస్‌బీ హెడ్‌సెట్లలో ఈ మార్పిడి హెడ్‌సెట్ వ్యవస్థలోనే జరుగుతుంది.

శబ్దం వచ్చే దిక్కును మనిషి ఎలా గ్రహిస్తాడన్న దానిని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లో వివరించాడు. కుడివైపు నుంచి వచ్చే ధ్వని ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా, కాస్త మందంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు గాని, మెదడు దానితోనే దిక్కును పోల్చుకుంటుంది. వైర్‌లెస్ ప్రసారంలో జరిగే జాప్యం రెండు చెవులకూ ఒకేలా ఉంటుంది కాబట్టి, దిక్కు చెడిపోదు. చెడేది సమయం. ఈ తేడాను గుర్తించకపోవడం వల్లనే ఈ విషయంపై జరిగే వాదనలు చాలా వరకు ఎటూ తేలవు.

వైర్‌లెస్ అన్న ఒక్క పేరు కింద నిజానికి రెండు వేరువేరు పద్ధతులున్నాయి. మొదటిది ఫోన్లలో ఉండే బ్లూటూత్. రెండు చానళ్ల ధ్వనిని ఏ కుదింపూ లేకుండా పంపాలంటే సెకనుకు సుమారు 1,500 కిలోబిట్లు కావాలి. బ్లూటూత్‌లో అన్ని పరికరాలకూ ఉమ్మడిగా ఉన్న ఎస్‌బీసీ అనే కుదింపు పద్ధతి సాధారణంగా దానిని 328 కిలోబిట్లకు మించకుండా తగ్గిస్తుంది. ఈ కుదింపుకు, తిరిగి విప్పడానికి పట్టే కాలంతో పాటు, ధ్వని తెగకుండా దానిని కాసేపు నిల్వ చేసి వినిపించడం వల్ల శబ్దం 150 నుంచి 250 మిల్లీసెకన్ల వరకు ఆలస్యం కావడం మామూలే. సెకనుకు 60 చిత్రాలు మారే తెర మీద 200 మిల్లీసెకన్లంటే 12 చిత్రాలు గడిచిపోయిన తరువాత తుపాకీ మోత వినబడుతుందన్నమాట. రెండవది, కంప్యూటర్‌కు గుచ్చే చిన్న డాంగిల్ ద్వారా 2.4 గిగాహెర్ట్‌జ్ రేడియో తరంగాలపై తయారీదారు సొంత పద్ధతిలో నడిచేది. మంచి డాంగిల్ హెడ్‌సెట్లలో జాప్యం చాలా మందికి తెలియనంత స్వల్పం.

బ్లూటూత్‌కు మరొక లోపముంది. పాత బ్లూటూత్ పద్ధతిలో మైకు పని మొదలుకాగానే అనుసంధానం ఫోన్ సంభాషణకు ఉద్దేశించిన రీతిలోకి మారుతుంది. అప్పుడు రెండు చానళ్లు ఒకటై, ధ్వని పరిధి కుంచించుకుపోయి, అంతసేపూ నిండుగా వినిపించిన ఆట పాత టెలిఫోన్‌లో విన్నట్టు పలుచబడుతుంది. జట్టు సభ్యులతో మాట్లాడుతూ ఆడేవారికి ఇది చిన్న నష్టం కాదు, ఎందుకంటే దిక్కును చెప్పే ఆధారమే పోతుంది. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఈ లోపాన్ని సవరించే దారి చూపింది గాని, దానికి ఫోను, హెడ్‌సెట్ రెండూ అనువుగా ఉండాలి.

సౌఖ్యం విషయంలో బ్యాటరీ వల్ల వైర్‌లెస్ ఎప్పుడూ బరువన్న నమ్మకం ప్రచారంలో ఉంది. కానీ లాజిటెక్ 2021లో తెచ్చిన జీ435 వైర్‌లెస్ అయినా 165 గ్రాములే. వైరున్న రేజర్ బ్లాక్‌షార్క్ వీ2 ఎక్స్ 240 గ్రాములు. నిజానికి గ్రాముల లెక్క కంటే ఆ బరువు నడినెత్తి మీద ఒకేచోట పడుతున్నదా లేక పట్టీ అంతటా పరుచుకుంటున్నదా, రెండు గుల్లలు కణతలను ఎంత బలంగా నొక్కుతున్నాయి అన్నవే రెండవ గంటలో తలనొప్పి తెచ్చేదీ లేనిదీ తేలుస్తాయి. కళ్లజోడు పెట్టుకునేవారికి ఇది మరీ ముఖ్యం: గట్టి దిండు జోడు కాడను కణతకు అదిమితే నొప్పి పుడుతుంది, కాడ పక్కన సందు ఏర్పడితే అందులోంచి మంద్రస్వరాలు జారిపోతాయి. అంటే అసౌకర్యమే ధ్వని లోపంగా కూడా మారుతుంది.

మన వేసవిలో దిండుకు వేసిన తొడుగును వైరు కంటే ముందు చూడాలి. కృత్రిమ తోలు బయటి శబ్దాన్ని బాగా ఆపి మంద్రాన్ని నిలుపుతుంది గాని, రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో అరగంటకే చెవుల చుట్టూ చెమట పట్టిస్తుంది, కాలక్రమంలో పొలుసులుగా లేస్తుంది; బట్ట తొడుగు చల్లగా ఉన్నా ఫ్యాను చప్పుడును లోపలికి రానిస్తుంది. ఆ చప్పుడును మించాలని శబ్దం పెంచడం ప్రమాదకరం: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలు మాత్రమే సురక్షితం.

వైరుకు తనదైన చికాకులున్నాయి: కుర్చీ చక్రం కింద నలగడం, తల తిప్పినప్పుడు లాగడం, చొక్కాకు రాసుకున్న గరగర చెవిదాకా రావడం. వైర్‌లెస్‌కు ఉన్నది బ్యాటరీ చింత. 2022లో వచ్చిన హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఆల్ఫా వైర్‌లెస్ ఒక్క చార్జింగ్‌తో 300 గంటలు నడుస్తుందని సంస్థ ప్రకటించినా, ఏ లిథియం బ్యాటరీ అయినా ఏళ్లు గడిచేకొద్దీ నీరసిస్తుంది. దానిని మార్చుకునే వీలు చాలా హెడ్‌సెట్లలో లేదు. తెగిన వైరును, అది ఊడదీసే రకమైతే, తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు.

కాబట్టి తక్కువ ధరలో మంచి ధ్వని కోరే విద్యార్థికి ఊడదీసే వైరున్న హెడ్‌సెట్టే తగినది. వైరు వద్దనుకునే కంప్యూటర్ ఆటగాడు డాంగిల్ ఉన్నదానినే కొనాలి. ఫోన్‌లో పోటీగా ఆడేవారు బ్లూటూత్‌ను పాటలకే ఉంచుకోవడం మేలు. ఆన్‌లైన్‌లో కొనేవారు తిరిగి ఇచ్చే షరతులు ముందుగా చదివి, ఆ గడువు ముగిసేలోగా కళ్లజోడుతో సహా రెండు గంటలు తీయకుండా ధరించి చూడాలి.